బీజం వెనక గడ్డ యాంటీబయాటిక్స్‌కి తగ్గట్లేదు, టీబీ కావొచ్చంటున్నారు. ముందు ఆపరేషనా, మందులా?

శ్రీకాళహస్తి దగ్గర పల్లె నుంచి 31 ఏళ్ల తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. నాలుగు నెలలుగా కుడి బీజం వెనకవైపు గట్టిగా గడ్డ, నొప్పి పెద్దగా లేదు, మూడు సార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడినారు, వాడినప్పుడు కొంచెం తగ్గినట్టుండి మళ్లీ మొదటికే వస్తా ఉంది. ఒక డాక్టర్ గారు తీసేద్దాం అన్నారు, ఇంకొకరు టీబీలా ఉంది ఆరు నెలల మందు మొదలుపెడదాం అన్నారు. పెళ్లయి ఏడాదిన్నర. అక్కడ కూడా టీబీ వస్తుందా, ఎవరి మాట వినాలి, భార్యకి అంటుతుందా, పిల్లలు పుడతారా, ఇంట్లో అమ్మ అప్పుడే కంచం గ్లాసు వేరుగా పెట్టేసింది, అది అవసరమా అని అడిగినారు.

నేను తిరుపతిలో యూరాలజీ చూడబట్టి ఇరవై ఏండ్లు దాటింది. ఈ జబ్బు మన దగ్గర అరుదేమీ కాదు తమ్ముడూ, ఇట్లా బయటికి చెప్పి అడిగేవాళ్లే తక్కువ. మీరు అడిగి మంచి పని చేసినారు.

ముందు సూటిగా జవాబు: అక్కడ కూడా టీబీ వస్తుంది, మందులతోనే నయమవుతుంది, ఎక్కువ మందికి ఆపరేషన్ అవసరమే రాదు. అయితే మీకు చెప్పిన రెండు సలహాల్లోనూ మధ్యలో ఒక మెట్టు మిస్ అయింది. అది టీబీయేనని రుజువు చేసుకోవడం. కోసి తీయడానికి ముందు గానీ, ఆరు నెలల మందు మొదలుపెట్టడానికి ముందు గానీ పరీక్షలు పూర్తిగా జరగాలి, దానికి వారం పది రోజులు పడుతుంది, నాలుగు నెలలు ఆగినోళ్లు ఈ పది రోజులు ఆగొచ్చు. ఇంకోటి, ఏ దారిలో పోయినా సరే కిడ్నీలు చూపించుకోకుండా మాత్రం వదలొద్దు.

ఇప్పుడు వివరంగా చెప్తా.

"నాకు దగ్గు లేదు, కళ్లె లేదు, ఎక్స్‌రే క్లీన్‌గా ఉంది, మరి టీబీ ఎట్లా వస్తుంది" అని నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరూ అడుగుతారు. టీబీ క్రిమి మొదట ఊపిరితిత్తుల్లోకే పోతుంది, అది ఎప్పుడో చిన్నప్పుడో, పదేళ్ల కిందటో కావొచ్చు, మీకు తెలిసి కూడా ఉండదు. అక్కడి నుంచి రక్తంలో కలిసి కిడ్నీకి చేరి ఊరికే దాక్కుని ఉంటుంది. ఒంట్లో శక్తి తగ్గినప్పుడు, షుగర్ వచ్చినప్పుడు, బాగా తాగుడు ఉన్నప్పుడు, హెచ్‌ఐవీ ఉన్నప్పుడు, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే లేస్తుంది. కిడ్నీ నుంచి మూత్రంతో పాటు కిందికి దిగి ప్రొస్టేట్, వీర్యం తిత్తులు, అక్కడి నుంచి వీర్యనాళం మీదుగా బీజం వెనక అతుక్కుని ఉండే ఎపిడిడిమిస్ దాకా పోతుంది. కొందరికి నేరుగా రక్తంలోంచే ఎపిడిడిమిస్‌కి వస్తుంది, వాళ్లకి కిడ్నీ బాగానే ఉంటుంది. ఎపిడిడిమిస్ అంటే బీజంలో తయారైన వీర్యకణాలు పక్వానికొచ్చే సన్న గొట్టం చుట్ట. టీబీ ఎక్కువగా దాని కింది కొసలో మొదలవుతుంది, అందుకే మీకు గడ్డ వెనకవైపు కిందికి తగులుతా ఉంటుంది.

చేత్తో చూసినప్పుడు నాకు అనుమానం వచ్చేది ఎట్లాగంటే, గడ్డ బుడిపెలు బుడిపెలుగా గట్టిగా ఉంటుంది, పైకి పోయే వీర్యనాళం పూసల దండ మాదిరి చేతికి తగులుతుంది, బాగా ముదిరితే బీజం సంచి వెనక చిన్న రంధ్రం పడి రసి కారి డ్రాయర్‌కి మరక అంటుతా ఉంటుంది. కొందరికి చుట్టూ నీరు చేరి బుడ్డ మాదిరి కనబడుతుంది. కొందరికి వీర్యంలో రక్తం చార, కొందరికి వీర్యం పరిమాణమే తగ్గిపోతుంది. మూత్రం మాటిమాటికీ రావడం, రాత్రి నాలుగైదు సార్లు లేవడం ఉంటే అది బ్లాడర్ దాకా వచ్చిందేమో అని చూడాలి. యూరిన్ రిపోర్ట్‌లో చీము కణాలు ఎక్కువ ఉండి, మామూలు కల్చర్‌లో (క్రిమిని పెంచి చూసే పరీక్షలో) మాత్రం ఏ క్రిమీ పెరగలేదని వస్తే ఆ కాగితం పారేయొద్దు. టీబీ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు కాబట్టి అట్లా వస్తుంది, నాకు చాలా మందిలో మొదటి ఆధారం ఆ పాత రిపోర్టే.

మూడు కోర్సుల సంగతి కూడా చెప్పాలి. మొదటి కోర్సు రాసిన డాక్టర్ గారి తప్పేం లేదు, బీజం వెనక వాపుతో వచ్చేవాళ్లలో ఎక్కువ మందికి మామూలు బాక్టీరియా ఇన్‌ఫెక్షనే ఉంటుంది, అది పది పదిహేను రోజుల మందుకి లొంగుతుంది. లొంగనప్పుడు మందు పేరు మార్చి రెండోది, మూడోది రాసుకుంటా పోవడంలోనే తప్పంతా ఉంది. ఎందుకంటే ఈ వాపుకి మామూలుగా రాసే లీవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటివి టీబీ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తాయి, పూర్తిగా నయం చేసేంతగా కాదు, అణచిపెట్టేంతగా. అందుకే మీకు వాడినప్పుడల్లా కొంచెం తగ్గి మళ్లీ వచ్చింది. దీనివల్ల రెండు నష్టాలు, జబ్బు బయటపడడం ఆలస్యం అవుతుంది, ఆ మందు మీద ఉన్నప్పుడు పరీక్ష చేస్తే క్రిమి దొరక్క నెగిటివ్ వస్తుంది. పైగా ఒక్క మందునే అట్లా తగిలిస్తా పోతే ఆ మందుకి క్రిమి మొండిగా తయారయ్యే ప్రమాదం కూడా ఉంది.

పలమనేరు వైపు నుంచి ఒకాయన, చెన్నై మార్కెట్‌కి టమోటా లోడ్ తోలే డ్రైవర్, అచ్చం మీ మాదిరే వచ్చినాడు. ఎనిమిది నెలల్లో ఐదు కోర్సులు వాడినాడు, సీటు మీద ఎక్కువసేపు కూర్చోవడం వల్లనే వాపు అని తనే అనుకుని మెత్త దిండు వేసుకుని తోలేవాడంట. నా దగ్గరికొచ్చేసరికి వెనక రంధ్రం పడి రసి కారతా ఉంది. ఆ రసినే సీబీనాట్ అనే, టీబీ క్రిమి జన్యువుని పట్టే పరీక్షకి పంపిస్తే అదే రోజు టీబీ అని వచ్చింది. అంత సులభంగా తేలేదానికి ఎనిమిది నెలలు పోయినాయి, ఆ ఎనిమిది నెలల్లో రెండో వైపు కూడా మొదలైంది.

టీబీ అనుకునే ముందు కాన్సర్ కాదని తేల్చుకోవాలి, ముఖ్యంగా మీ వయసులో. బీజం కాన్సర్ 20 నుంచి 40 ఏళ్ల మధ్యలోనే ఎక్కువ కనబడుతుంది, అది కూడా నొప్పి లేని గట్టి గడ్డే. తేడా ఏమంటే అది బీజంలోనే పుడుతుంది, టీబీ ఎక్కువగా బీజం వెనక ఎపిడిడిమిస్‌లో మొదలై ముదిరినాక బీజంలోకి పాకుతుంది. చేతికి తెలియకపోతే స్క్రోటల్ అల్ట్రాసౌండ్ స్కాన్‌లో తెలుస్తుంది. స్కాన్‌లో గడ్డ బీజం లోపలే ఉందని వస్తే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అని కాన్సర్ ఆనవాళ్లు చూసే మూడు రక్త పరీక్షలు చేయించాలి, అట్లాంటప్పుడు సంచి మీద నుంచి సూది గుచ్చనివ్వొద్దు, ఆపరేషన్ అవసరమైనా గజ్జల దగ్గర కోసి చేస్తారు గానీ సంచి కోసి చేయరు. కాబట్టి తీసేద్దాం అన్న డాక్టర్ గారి మనసులో ఇదే భయం ఉండొచ్చు, ఆయన్ని తప్పు పట్టను. స్కాన్ రిపోర్ట్ చేతిలో పెట్టుకుని "సార్, గడ్డ బీజంలో ఉందా, ఎపిడిడిమిస్‌లో ఉందా" అని ఒక్క మాట అడగండి, సగం దారి తేలిపోతుంది. బోదకాలు క్రిమి వల్ల కూడా అక్కడ వాపు, నీరు వస్తాయి, దాన్నీ దృష్టిలో పెట్టుకుంటాం. బ్లాడర్ కాన్సర్‌కి లోపల బీసీజీ మందు (బలహీనం చేసిన టీబీ జాతి క్రిమే అది) ఎక్కించుకున్నవాళ్లకి కూడా ఇట్లాంటి గడ్డ రావొచ్చు, మీకు ఆ చరిత్ర లేదు కాబట్టి అది వదిలేద్దాం.

ఇక పరీక్షలు. తెల్లవారి లేవగానే పోసే మొదటి మూత్రం, మూడు రోజులు వరసగా ఇవ్వాలి, కొంచెం పట్టి ఇవ్వడం కాదు, ఆ పూట వచ్చేదంతా పట్టాలి, ఎందుకంటే క్రిములు తక్కువగా, అప్పుడప్పుడే పడతా ఉంటాయి, రాత్రంతా నిలవ ఉన్న మూత్రంలో దొరికే అవకాశం ఎక్కువ. దాన్ని సీబీనాట్ గానీ, అట్లాంటిదే అయిన ట్రూనాట్ గానీ చేస్తారు, ట్రూనాట్ మన దేశంలోనే గోవాలో తయారైన మిషన్. సీబీనాట్ రెండు గంటల్లో క్రిమి ఉందా లేదా చెప్పడమే కాకుండా రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకి లొంగుతుందో లేదో కూడా చెప్పేస్తుంది, మందు ఎంచుకోవడానికి అది చాలా ముఖ్యం. దాంతో పాటు టీబీ కల్చర్‌కి కూడా పెట్టించండి, అది ఆరు వారాల దాకా పడుతుంది, అయినా పెట్టించండి. మైక్రోస్కోప్ కింద రంగు వేసి చూసే పరీక్ష మీద మాత్రం మూత్రం విషయంలో నేను ఆధారపడను, దొరకాల్సింది దొరకదు, పైగా మర్మాంగం దగ్గర మామూలుగా ఉండే హాని లేని ఇంకో క్రిమి కూడా అదే రంగులో కనబడి పొరబాటు పడేలా చేస్తుంది.

మూత్రంలో దొరకలేదంటే టీబీ లేదని కాదు. గడ్డ ఎపిడిడిమిస్‌లోనే ఉందని స్కాన్‌లో తేలితే అప్పుడు సన్న సూదితో శాంపిల్ తీసి చూస్తాం, పెద్ద నొప్పేం ఉండదు, పది నిమిషాల పని. రసి ఉంటే ఇంకా మంచిది.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి, ఇప్పటికీ బాధే. ప్రాక్టీస్ మొదట్లో ఒక అబ్బాయికి అక్కడ గడ్డ చీము పడితే కోసి చీమంతా తీసినా, ముక్క కూడా తీసి బయాప్సీకి పంపినా, అంతా ఫార్మలిన్‌లో (ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవంలో) వేసి పంపినా. టీబీ లాంటి కణాలు ఉన్నాయని రిపోర్ట్ వచ్చింది, కల్చర్ చేద్దామంటే శాంపిలే లేదు, ఫార్మలిన్‌లో పడ్డాక క్రిమి చచ్చిపోతుంది. మందు మొదలుపెట్టినాం, తగ్గలేదు, మూడు నెలల తర్వాత మళ్లీ శాంపిల్ తీస్తే మందులకి లొంగని టీబీ అని తేలింది. ఆ మూడు నెలలు ఆ అబ్బాయి పనిచేయని మందు మింగినాడు, అది నావల్లే. అందుకే మీకు ఎవరు ముక్క తీసినా, చీము తీసినా ముందే చెప్పండి: ఒక భాగం ఫార్మలిన్‌లో బయాప్సీకి, ఇంకో భాగం ఉత్త సెలైన్‌లో సీబీనాట్‌కి, కల్చర్‌కి. పేషెంట్ అడిగితే ఏ డాక్టరూ తప్పుగా అనుకోరు.

వీటితో పాటు ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, షుగర్, లివర్ పరీక్ష, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్, కిడ్నీల స్కాన్. చేతి చర్మంలోకి సూది వేసి చూసే మాంటూ పరీక్ష పొంగితే టీబీ ఉన్నట్టు కాదు, మన దేశంలో చాలా మందికి పొంగుతుంది, క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే దానర్థం. రక్తంలో టీబీ యాంటీబాడీలు చూసే పరీక్షలని 2012లోనే ప్రభుత్వం నిషేధించింది, ఎవరైనా రాస్తే చేయించుకోవద్దు.

అన్నీ చేసినా క్రిమి దొరకదు, కాన్సర్ కాదని తేలింది, చేతికీ స్కాన్‌కీ టీబీ మాదిరే ఉంది, అట్లాంటి వాళ్లు కూడా ఉంటారు. అప్పుడు డాక్టర్ అనుభవంతో టీబీ మందు మొదలుపెట్టడం సరైన పనే, నేనూ చేస్తా. ప్రయత్నం చేసి దొరకక మొదలుపెట్టడం వేరు, ప్రయత్నమే చేయకుండా మొదలుపెట్టడం వేరు.

మందు విషయానికొస్తే, మామూలు టీబీ అయితే ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడు. అన్నీ కలిపిన మాత్రలే, బరువును బట్టి ఎన్నో చెప్తారు, 2017 నుంచి రోజూ వేసుకునే పద్ధతే ఉంది. గవర్నమెంట్‌లో పూర్తిగా ఉచితం, ప్రైవేట్‌లో చూపించుకునేవాళ్లకి కూడా నిక్షయ్‌లో (ప్రభుత్వం టీబీ పేషెంట్ల పేర్లు నమోదు చేసే పోర్టల్‌లో) పేరు ఎక్కిస్తే ఉచిత మందు అందే ఏర్పాటు ఉంది, తిండికని నెలకి 1000 రూపాయలు బ్యాంక్ ఖాతాలో పడతాయి, 2024 నవంబర్‌కి ముందు అది 500 ఉండేది. యాడికి పోవాలో తెలియకపోతే 1800-11-6666 టోల్‌ఫ్రీ నంబర్‌కి ఫోన్ చేయండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి, చిత్తూరు వైపు వాళ్లు జిల్లా ఆసుపత్రికి పోవచ్చు, మందు మాత్రం మీ ఊరి పీహెచ్‌సీ దగ్గరే తీసుకోవచ్చు.

మొదటి రోజు మాత్ర వేసుకోగానే మూత్రం నారింజ రంగులో వస్తుంది, రిఫాంపిసిన్ రంగు అది, భయపడొద్దు. పొద్దున ఖాళీ కడుపుతో వేసుకుంటే బాగా పనిచేస్తుంది, మరీ వికారంగా ఉంటే కొంచెం ఏదైనా తిని వేసుకోండి, మానేయడం కంటే అది మేలు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, అన్నం సయించకపోయినా మందు ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరికి పోండి. కామెర్లంటే మనోళ్లు ముందు పసరు మందుకి పోతారు, దయచేసి ఆ పని చేయొద్దు, లివర్ మీద మందు వల్ల వచ్చిన దెబ్బ అది, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ రంగులు తేడా తెలియకపోయినా ఇథాంబుటాల్ వల్ల కావొచ్చు, వెంటనే చెప్పాలి. కాళ్లు చేతులు తిమ్మిర్లకి బీ6 మాత్ర ఇస్తారు. తాగుడు ఈ ఆరు నెలలు పూర్తిగా బంద్. షుగర్, గుండె మందులు, మూర్ఛ మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి, రిఫాంపిసిన్ వాటి పనితనాన్ని తగ్గించేస్తుంది.

మొదలుపెట్టిన కొన్ని వారాల్లో గడ్డ తగ్గాల్సింది పోయి కాస్త పెరిగిందని కొందరు కంగారుగా వస్తారు. చచ్చిన క్రిముల మీద ఒళ్లు తిరగబడడం వల్ల అట్లా అవుతుంది, చాలాసార్లు మందు మార్చే పనే ఉండదు, కానీ వచ్చి చూపించుకోవాలి, మొండి టీబీ కాదని కూడా తేల్చుకోవాలి కదా. ఆరు నెలలైనాక ఒక చిన్న గట్టి బుడిపె మిగిలిపోవచ్చు, అది మానిన మచ్చ, దాన్ని చూసి మందు పనిచేయలేదని అనుకోవద్దు.

ఆపరేషన్ ఎవరికి? చీము గడ్డ కట్టి మందుకి కరగనివాళ్లకి, రంధ్రం మానకుండా కారతానే ఉన్నవాళ్లకి, బీజం పూర్తిగా పాడైనవాళ్లకి, కాన్సర్ అనుమానం తీరనివాళ్లకి. కాన్సర్ అనుమానం లేకపోతే కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు టీబీ మందు పడినాకే నేను కత్తి పట్టుకుంటా, అప్పటికి చాలా మందికి ఆ అవసరమే తీరిపోతుంది.

కిడ్నీ గురించి ఎందుకు అంతగా చెప్తున్నానంటే, ఒకాయనకి వేరేచోట బీజం తీసేసినారు, బయాప్సీలో టీబీ అని వచ్చింది, "తీసేశాం కదా అయిపోయింది" అని మందు కూడా రెండు నెలలకే ఆపేసినారు. ఏడాదిన్నర తర్వాత నడుం నొప్పితో నా దగ్గరికొచ్చినాడు, ఎడమ కిడ్నీ నుంచి వచ్చే గొట్టం మూసుకుపోయి కిడ్నీ అంతా నీటి తిత్తి మాదిరి అయిపోయింది, పని సున్నా. ఆ రోజే ఒక్క స్కాన్ తీసి ఉంటే నిలబెట్టుకునేవాళ్లం. ఇంకో విషయం, టీబీ మానేటప్పుడు కూడా ఆ గొట్టం మచ్చ కట్టి ఇరుకవ్వొచ్చు, అంటే మందు బాగా పనిచేస్తా ఉండగానే కిడ్నీ దెబ్బ తినొచ్చు. కిడ్నీ వైపు జబ్బు ఉన్నవాళ్లని అందుకే మందు నడిచే కాలమంతా స్కాన్‌తో గమనిస్తా, ఇరుకు కనబడగానే స్టెంట్ (గొట్టం మూసుకుపోకుండా పెట్టే సన్న ట్యూబ్) వేస్తే కిడ్నీ బతుకుతుంది.

మీ అమ్మ గారికి చెప్పండి, కంచం గ్లాసు వేరు చేయాల్సిన పని లేదు. ఊపిరితిత్తుల్లో టీబీ లేకపోతే మీ నుంచి గాలి ద్వారా ఎవరికీ అంటదు, ఒకవేళ ఊపిరితిత్తుల్లో ఉన్నా అంటేది దగ్గు తుంపరల వల్లనే గానీ కంచాల వల్ల కాదు. ఆ తరం వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. మన పాత చిత్తూరు జిల్లాలోనే మదనపల్లి దగ్గర ఆరోగ్యవరంలో 1915లో శానటోరియం (టీబీ రోగులని ఉంచే ఆసుపత్రి) వచ్చింది, అప్పట్లో ఈ జబ్బుకి మందే లేదు, ఇల్లు వదిలి నెలల తరబడి అక్కడ మంచి గాలి, తిండి, విశ్రాంతి మీదే బతకాలి. 1950ల చివర్లో మద్రాసులో జరిగిన పరిశోధనలోనే ఇంట్లో ఉండి మందు వాడినా శానటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని, ఇంట్లోవాళ్లకి అదనంగా ఏమీ అంటడం లేదని తేలింది. మీరు ఇంట్లోనే ఉండొచ్చు, ఒంట్లో బాగుంటే పనికీ పోవచ్చు.

భార్య విషయం: కలయిక వల్ల అంటడం చాలా అరుదు, అయినా వీర్యంలో క్రిమి ఉండొచ్చు కాబట్టి మందు పూర్తయ్యేదాకా కండోమ్ వాడమని చెప్తా. ఆమెకి జ్వరం, బరువు తగ్గడం, నెలసరి తేడాలు ఉంటే ఆమెని కూడా ఒకసారి చూపించండి.

పిల్లల సంగతి దాచకుండా చెప్తా. టీబీ మానేటప్పుడు సన్న గొట్టాలు మచ్చ కట్టి మూసుకుపోవచ్చు. ఒక్క వైపే ఉండి రెండో వైపు బాగుంటే మామూలుగానే పిల్లలు పుట్టే అవకాశం బాగా ఉంటుంది. రెండు వైపులా మూసుకుపోతే వీర్యంలో కణాలు కనబడవు, అప్పుడు కూడా బీజంలో కణాలు తయారవుతా ఉంటే అక్కడి నుంచి సూదితో తీసి ఐవీఎఫ్ పద్ధతిలో ప్రయత్నించొచ్చు. గొట్టాలు అతికే ఆపరేషన్ మాత్రం టీబీలో అంతగా ఫలించదు, చాలా చోట్ల ఇరుకులు ఉంటాయి. మగతనం తగ్గుతుందేమో అని నోరు తెరిచి అడగలేక అడుగుతారు చాలా మంది, బీజం నిలబడి ఉంటే హార్మోన్ తయారవుతుంది, దానికీ దీనికీ ముడిపెట్టొద్దు. పిల్లలు లేరని రెండేళ్లు భార్యకే పరీక్షలు, మందులు, సూదులు చేయించి చివరికి నా దగ్గరికొచ్చిన ఒక జంట ఉన్నారు, అన్నాళ్లూ ఆయన్ని ఒక్కసారి కూడా చేత్తో పరీక్ష చేసినవాళ్లు లేరు, చూస్తే రెండు వైపులా పూసల దండలే. ఆ అమ్మాయి పడిన మాటలన్నీ అనవసరంగా పడినట్టే కదా.

అందుకే మందు మొదలుపెట్టేలోపే ఒక వీర్య పరీక్ష చేయించుకోండి, కణాలు బాగుంటే ఫ్రీజ్ చేసి పెట్టుకోవడం గురించి అడగండి. రేపు అవసరం రాకపోవచ్చు, వస్తే మాత్రం అప్పుడు వెనక్కి పోలేం.

మీరు ఇప్పుడు ఏ యాంటీబయాటిక్ మీదైనా ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి చెప్పి, ఆపి కొన్ని రోజులు గ్యాప్ ఇచ్చి మూత్రం పరీక్షలు మొదలుపెట్టించండి. జ్వరం గానీ విపరీతమైన నొప్పి గానీ సడన్‌గా వస్తే మాత్రం ఆ గ్యాప్ కోసం ఆగొద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి పోండి. పాత రిపోర్టులన్నీ, వాడిన మాత్రల అట్టలతో సహా ఒక కవర్‌లో వేసుకుని పోండి, ఏ మందు ఎన్ని రోజులు వాడినారో ఆ అట్టలు చూస్తేనే మాకు తెలుస్తుంది.